రెండో చట్టి

మా మామకి ఏదైనా బాగుందని చెప్పి ఒప్పించడం ఎవరి వల్లా కాలేదు. మామ అంటే మా మేనత్త భర్త. కాఫీ ఇచ్చి, బాగుందా మామా అని అడిగామా, ఇక అయిపోయినట్టే. గ్లాసు కింద పెట్టి మన మొహంలోకి చూసేవాడు. "దేంతో పోలిస్తే?" అనేవాడు. ఇచ్చింది ఒక్క గ్లాసు కాఫీ. దాన్ని దేంతో పోల్చాలి? "అదేగదా నేనూ అడిగేది. రెండోది యాడ?" అని మళ్లీ గ్లాసు ఎత్తేవాడు. ఈలోపు కాఫీ చల్లారేది. చల్లారిందన్న మాట కూడా మనమే పడాలి.

పోయిన ఐప్పసి నెల వానల్లో ఆయన పోయాడు. మా వాళ్లలో పూడుస్తారు. తిరుత్తణి పక్కన ఆయన ఊళ్లోనే, ఆయన చెరకు తోట గట్టు పక్కనే పూడ్చారు. గొడుగుల కింద, బురదలో నిలబడి జనం ఏడ్చింది తక్కువ, ఆయన మీద ఫిర్యాదులు చెప్పుకున్నది ఎక్కువ. పెళ్లిచూపులకి వచ్చిన వాళ్లతో వాదించి పంపేశాడని ఒకరు, అడిగిన దానికి ఏనాడూ సూటిగా జవాబు చెప్పలేదని ఇంకొకరు. మా మేనత్త కూడా ముక్కు చీదుకుంటూ ఫ్రిజ్జు సంగతి ఎత్తింది. నా ఫిర్యాదు అందరికంటే పెద్దది. నిలబడి చెప్పేది కాదు, కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ముందు ఫ్రిజ్జు సంగతి. మామ మట్టి పరీక్షలు చేసే ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ మట్టి వదల్లేదు. ఏ పొలానికి పోయినా గుప్పెడు మట్టి ప్లాస్టిక్ కవర్లో కట్టుకొచ్చి ఫ్రిజ్జులో పెట్టేవాడు. ఇడ్లీ పిండి గిన్నె పక్కన మట్టి, కరివేపాకు మీద మట్టి. మా మేనత్త బయట పారేస్తే ఇల్లు దద్దరిల్లేది. బయట ఎండలో పెడితే వాళ్లు చచ్చిపోతారట. వాళ్లంటే మట్టిలో ఉండే సూక్ష్మజీవులు. మనుషుల్ని వాడు, వీడు అని తీసిపారేసే ఆయన, కంటికి కనబడని క్రిముల్ని మాత్రం ఎప్పుడూ వాళ్లు అనేవాడు. ఫ్రిజ్జులో ఉంటే వాళ్లు నిద్రపోతారు, లేపినప్పుడు లేస్తారు అనేవాడు. కట్టుకున్న దాన్ని ఏనాడైనా అంత నిదానంగా నిద్రపోనిచ్చావా అని మా మేనత్త అడిగేది.

ఒకసారి తిరుత్తణి బస్టాండులో తిరువళ్లూరు బస్సెక్కుతూ, సీటు దొరుకుతుందా మామా అని అడిగాను. అప్పుడు కాలేజీలో చదువుతున్నాను. సీటు దొరికింది, దాంతో పాటు కలుపు మందు పాఠం కూడా దొరికింది. దిగేదాకా ఆపలేదు. పొలంలో కొట్టిన కలుపు మందు ఎక్కడికి పోతుందనుకున్నావు అని మొదలుపెట్టాడు. ఎక్కడికో పోతుంది, నాకెందుకు అనుకున్నాను. కొంచెం ఎండకి పోతుందట, కొంచెం నీళ్లతో జారుతుందట, మిగిలింది వాళ్లు తింటారట. ఒక్కడే అంతా తినడు. మొదట ఒకడొచ్చి దాని కోర పీకుతాడు. పాముకి కోర పీకితే పాము ఉంటుంది గానీ విషం ఉండదు గదా, అట్లా. తర్వాత ఇంకొకడు చేతులు విరుస్తాడు, వేరొకడు నడుము విరిచి అందులోని నత్రజనిని తింటాడు. చివరికి మిగిలేది కొంచెం గాలి, కొంచెం నీళ్లు.

మన మేలు కోరి తింటారనుకోకు అని కూడా హెచ్చరించాడు. వాళ్లది ఆకలి, అంతే. ఒకే మందు ఏళ్ల తరబడి కొడితే వాళ్లకి రుచి తెలిసిపోతుందట. అప్పుడు మందు కలుపుని చంపేలోపే వాళ్లు దాన్ని ముగించేస్తారు. రైతు అంగడికి పోయి మందు కల్తీది అని కొట్లాడతాడు. పక్క సీటులో పూలబుట్ట పెట్టుకున్న ఆవిడ ఇదంతా విని, అయితే ఎంత కొట్టినా పరవాలేదు గదా సార్ అని తమిళంలో అడిగింది. మామ ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. వాళ్లకి తడి కావాలి, గాలి కావాలి, వెచ్చదనం కావాలి, పేడో ఆకో కావాలి. తడి లేకపోతే పండుకుంటారు, మందు అట్లే కూర్చోనుంటుంది. ఆవిడ బుట్ట తీసుకుని ముందు సీటుకి మారిపోయింది. అవకాశం ఉంటే నేనూ మారేదాన్ని.

ఇంత తెలిసిన మనిషి గదా, అడిగిన వాళ్లకి ఉపకారం చేస్తాడనుకుంటే పొరపాటు. పెరియపాళయం వైపు నుంచి ఒక రైతు వెతుక్కుంటూ వచ్చాడు. మొక్కజొన్నకి కలుపు మందు కొట్టాడు, ఇప్పుడు మినుములు చల్లవచ్చా కూడదా అన్నదే ఆయన ప్రశ్న. చల్లు అనో వద్దు అనో ఒక్క మాట చాలు. మామ వాన ఎప్పుడు పడిందని అడిగాడు. ఎరువు వేసినావా అన్నాడు. తర్వాత లోపలికి పోయి రెండు ఖాళీ మట్టి చట్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఒకదాంట్లో ఆ పొలం మట్టి, ఇంకొకదాంట్లో మందు పడని గట్టు మట్టి పోసి, రెండింట్లో మినుములు చల్లు, రెండూ ఒకే మాదిరి పచ్చగా వస్తే అప్పుడు పొలంలో చల్లుకో అన్నాడు. అంగట్లో వాడు ఒక్క మాటలో చెబుతాడే అన్నా అని రైతు గొణిగాడు. అట్లైతే వాణ్ణే అడుగు అని మామ పేపరు విప్పుకున్నాడు. ఆ రైతు చట్లు అరుగు మీదే వదిలేసి పోయాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే మనుషుల్ని చూశాను గానీ, కాళ్లు లెక్కపెట్టడానికి రెండో కుందేలు కావాలనే మనిషిని ఈయన్నే చూశాను.

ఇక నా ఫిర్యాదు.

మా పెళ్లిళ్లలో పాలికలు చల్లుతారు. మట్టి మూకుళ్లలో పుట్టమన్ను పోసి, పాలల్లో నానిన నవధాన్యాల్ని ముత్తయిదువలు అందులో చల్లుతారు. పెళ్లి కూతురింట్లో మొలిచిన ఆ పాలికల్ని పెళ్లయ్యాక ఆమెతో పాటే అత్తగారింటికి పంపి, పదహారు రోజుల పండగనాడు నీళ్లలో కలుపుతారు. అవి ఎంత పచ్చగా ఉంటే ఆ కాపురం అంత పచ్చగా ఉంటుందని నమ్మకం. నా పెళ్లి వైకాసి నెలలో, నడి ఎండాకాలంలో జరిగింది. మా ఊళ్లో పుట్ట ఉన్న చోట అప్పటికే ప్లాట్లు వేసేశారు. అందుకని మా అమ్మా వాళ్లూ మేళంతో మామ ఊరికి పోయి, ఆయన చెరకు తోట గట్టు మీదున్న పుట్టకి పసుపూ కుంకుమా పెట్టి, పైపైన గీకి మన్ను తెచ్చారు. ఇంట్లో గోధుమలు లేవు, వాటి బదులు మా అమ్మ గుప్పెడు జొన్నలు కలిపింది.

మొలకలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఫోటోలు కూడా తీశారు. నాతో పాటు మా అత్తగారి ఊరు పాండూరుకి కారులో వచ్చాయి. వచ్చిన కొన్నాళ్లకి ఆకుల అంచులు మాడడం మొదలైంది. తర్వాత తెల్లగా పాలిపోయాయి. నీళ్లు తక్కువయ్యాయేమోనని పోశాను, ఎక్కువయ్యాయేమోనని మానాను. ఒక్కొక్కటే తల వాల్చేశాయి.

మా అత్తగారు పొద్దున్నే లేచి ముందు పాలికల వైపు చూసేది, తర్వాత నా వైపు చూసేది. ఆమె నోరు మంచిది, ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నన్ను తినేసింది. అనాల్సింది ఆమె పెద్దమ్మ అనేసింది, కాలు పెట్టిన వేళ అట్లాంటిది అని. ఆ ఇంట్లో అప్పుడు మా ఆడపడుచు కడుపుతో ఉంది. ఆమెకి గాజులు తొడిగే పండగ దగ్గరపడుతోంది. తొలి గాజు తొడగాల్సింది కొత్త వదిననైన నేను. ఆ పని వేరెవరితోనైనా చేయిద్దామని వంటింట్లో అనుకోవడం నా చెవిన పడింది. కడుపులో ఉన్న బిడ్డ సంగతి గదా, నేను ఏమని అడగగలను? మా ఆయన మంచివాడే, కానీ ఆ మాటలు విననట్టు పేపరు చదువుకునేవాడు.

పదహారు రోజుల పండగకి మా వాళ్లతో పాటు మామ కూడా వచ్చాడు. పాలికల్ని గబగబా బావిలో కలిపేసి చేతులు కడుక్కోవాలని అందరూ తొందరపడుతున్నారు. మామ పోయి వాటి ముందు చతికిలబడి, కళ్లజోడు పెట్టుకున్నాడు. వేలితో ఒక్కొక్క మొక్కనీ కదిపాడు. అయ్యవారు కొబ్బరికాయ చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

"జొన్న ఎట్లుండాదో ఎవరైనా చూసినారా?" అన్నాడు మామ.

అప్పుడు చూశాం. మినుము, పెసర, అలసంద, నువ్వు అన్నీ పాలిపోయి వాలిపోయి ఉంటే, మధ్యలో జొన్న మొక్కలు మాత్రం నిటారుగా పచ్చగా ఉన్నాయి.

"పాప కాలు మినుముకి చెడ్డదయ్యి, జొన్నకి మంచిదయ్యిందా?" అన్నాడు.

నాకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. చెరకు తోటలో కొట్టే మందు జొన్నని ముట్టదని బస్సు పాఠంలో విన్నట్టు గుర్తు. ఈయనకి సంగతి అర్థమైపోయింది, ఇప్పుడు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేస్తాడు, నా గండం గట్టెక్కుతుంది అనుకున్నాను. ఆయన లేచి, పంచె దులుపుకుని, పోల్చి చూడడానికి ఒక్క పాలికని పక్కన పెట్టించి, మిగతావి కలిపేయమన్నాడు. మా మామగారు సంగతేమిటని అడిగితే, ఇప్పుడేమీ చెప్పలేను, రెండో చట్టి లేదు అన్నాడు. విస్తరి ముందు కూర్చుని పాయసం కూడా తిన్నాడు.

వాకిట్లో ఆయన్ని పట్టుకున్నాను. "నీకు తెలిసిపోయింది గదా మామా, ఒక్క మాట చెప్పి పోరాదా?" అన్నాను.

"అనుకునేది వేరే పాపా, తెలిసేది వేరే. ఇప్పుడు నేను చెబితే, మేనకోడల్ని ఎనకేసుకొచ్చినాడంటారు. చట్టి చెబితే ఎవరూ ఏమీ అనలేరు" అని చెప్పులేసుకుని పోయాడు.

ఆ తర్వాతి రోజుల్లో ఆ మనిషిని తిట్టినన్ని తిట్లు నేను జన్మలో ఎవర్నీ తిట్టలేదు. ఇక్కడ నా తలప్రాణం తోకకి వస్తుంటే, అక్కడ ఆయన చట్లలో గింజలు నాటుకుంటున్నాడు. ఫోన్ చేస్తే మొలకలొచ్చాయనేవాడు. అయితే రా మామా అంటే, ఇప్పుడొచ్చి ఏం చూపించేది, అవి ఇంకా గింజలో ఉండే పాలు తాగతా ఉండాయి, అవి అయిపోయినాక గదా మట్టి సంగతి తెలిసేది అనేవాడు. గాజుల పండగకి కంసాలి వచ్చి వెళ్లాడు, చీరలు వచ్చాయి. నన్ను ఏదీ ముట్టుకోమని అనలేదు, వద్దనీ అనలేదు. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. కళ్లు ఎందుకు ఎర్రబడ్డాయని ఎవరూ అడగకుండా ఉండటానికి అదొక్కటే దారి.

పండగకి ముందు రోజు వచ్చాడు. వైరు బుట్టలో రెండు చట్లు పెట్టుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. హాల్లో, మా అత్తగారి ముందు పెట్టాడు. రెండూ ఒకే పుట్ట మన్ను. ఒకటి పైపైన గీకింది, ఇంకొకటి లోపల తవ్వి తీసింది. రెండింట్లో ఒకే గింజలు, చల్లింది ఒకే చెయ్యి, మా మేనత్తది. పై మన్ను చట్టిలో జొన్న తప్ప అన్నీ నా పాలికల్లాగే పాలిపోయాయి. లోపలి మన్ను చట్టి మాత్రం చూడముచ్చటగా పచ్చగా ఉంది.

మా అత్తగారు రెండింటినీ చాలాసేపు చూసింది. "అంటే ఏందన్నా?" అంది.

"తై నెల్లో, సంకురాత్రి అయినాక, చెరుక్కి కలుపు మందు కొట్టినాను. మిగిలింది పుట్ట మింద కొట్టినాను" అన్నాడు మామ. "గడ్డి ఎక్కువైపోయిండె. మా ఇంటామె తై శుక్రారాలు పాలు పోయను పోతాది, పాముంటే కనబడదు గదా అని. దాని తరవాత వాన లేదు. తడి లేక వాళ్లు తినలేదు, మందు అట్లే ఉండిపోయింది. పాపకీ దీనికీ ఏం సమ్మందం లేదు."

పాలు పోసి మొక్కే పుట్ట. నాగదేవత పుట్ట. మా అత్తగారు రెండు చెంపలూ వేసుకుంది. "పుట్ట మీద మందు కొట్టినారా అన్నా?" అని మెల్లగా అడిగింది. కొట్టినానమ్మా అన్నాడు మామ. అన్నాళ్లూ నా మీదున్న కళ్లన్నీ ఒక్కసారిగా ఆయన మీదికి తిరిగాయి. అది నాకు ఒంటిమీద తెలిసింది, మోస్తున్న బిందె ఎవరో అందుకున్నట్టు. ఆయన మొహం చూశాను. ఆశ్చర్యం లేదు, బెదురు లేదు. ఇట్లా అవుతుందని బస్సెక్కేముందే తెలిసి వచ్చిన మొహం అది.

మర్నాడు తొలి గాజు నేనే తొడిగాను. మా అత్తగారే చెయ్యి పట్టి పిలుచుకెళ్లింది. బిడ్డ సుఖంగా పుట్టాడు.

మామ సంగతి వేరేలా అయింది. మా మేనత్తకి ఆయన మందు కొట్టిన సంగతి అందరితో పాటు అప్పుడే తెలిసింది. చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు, ప్రాయశ్చిత్తానికి ఎక్కని గుడి మెట్టు లేదు. ఆ తర్వాత మా చుట్టాల్లో ఎవరికి ఏ చెడు జరిగినా అది మామ తెచ్చిన నాగదోషమే అయింది. ఆవు ఈచుకుపోయి దూడ దక్కకపోతే నాగదోషం, ఎవరికో ఉద్యోగం రాకపోతే నాగదోషం. శుభకార్యాల్లో ఆయన్ని అక్షింతలు వేయడానికి ముందుకి పిలవడం మెల్లగా మానేశారు. నన్ను ఏ వెనక వరుసలోంచి తప్పించాడో, ఆ వరుసలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పైగా ఎవరైనా నాగదోషం ఎత్తితే, "పుట్ట మింద మందు కొట్టనోళ్ల ఇళ్లల్లో ఆవులు ఈచుకుపోలేదా? రెండో చట్టి యాడ?" అని వాదనకి దిగేవాడు. దాంతో ఉన్న కోపం రెట్టింపయ్యేది.

ఒకసారి కోపం పట్టలేక అడిగేశాను. మట్టి బాగాలేదని చెబితే చాలు గదా, మందు ఎలా పడిందో నీ నోటితో చెప్పమని ఎవరడిగారు, ఎవరో కొట్టారంటే పోయేది గదా అని. ఆయన నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు.

"రెండు చట్లు చూపించి ఒక మాట దాచిపెడితే, అదేం పరీక్ష పాపా?" అన్నాడు.

అంతే. నీకోసమే చేశాను అని ఒక్కసారి అన్నా నాకు హాయిగా ఉండేది, కాళ్లకి దండం పెట్టి ఏడ్చేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఆ ఏడాది వానలయ్యాక మాత్రం ఒక చట్టి మోసుకొచ్చాడు. అదే పై మన్ను, పేడ కలిపి తడి ఆరకుండా అన్ని నెలలూ పెట్టాడట. నిండా పచ్చటి మినుము మొక్కలు. "తిన్నారు" అన్నాడు, మా అత్తగారి తులసి పక్కన పెట్టాడు, కాఫీ తాగాడు, బాగుందని చెప్పకుండా పోయాడు.

నా ఫిర్యాదు ఇదీ. ఈ మనిషికి కృతజ్ఞత చెప్పడం ఎలాగో నాకు తెలియలేదు. చెప్పేలోపు పోయాడు.

మా వైపు పూడ్చిన చోట పాలు పోసి నవధాన్యాలు చల్లుతారు. కర్మ నాడు పోయి చూస్తే, వానకి ఆ మట్టి కుప్ప మీద గింజలన్నీ మొలిచి గుబురుగా ఉన్నాయి. అల్లంత దూరంలో పుట్ట, దాని చుట్టూ మోకాలెత్తు గడ్డి. మా అత్తగారు కూడా వచ్చింది, ఇప్పుడామెకి నడవడం కష్టం, నా భుజం పట్టుకుని నిలబడింది.

"ఎంత పచ్చగా వచ్చినాయో చూడు. పుణ్యాత్ముడు" అంది.

ఆ మాట ఆయన బతికుండగా అనాల్సింది అనుకున్నాను. అయినా అవునత్తా అనబోయాను. నోరు తెరిచానో లేదో మామ గొంతు చెవిలో పడినట్టయింది. గొయ్యి తవ్వి తీసిన మన్ను గదా అది, లోపలి మన్నులో మందు యాడుంటాది? పైగా వాన. పచ్చగా రాక ఏమయ్యేది? ఇది చూసి మనిషి మంచోడని ఎట్లా చెబుతారు? రెండో చట్టి యాడ?

నాకు ఒళ్లు మండింది. మట్టి కింద ఉండి కూడా ఒక మంచి మాట పడనివ్వడు. ఆ మంటలోనే ఏడుపు తన్నుకొచ్చింది, పూడ్చిన రోజు రాని ఏడుపంతా. పక్కన అత్తగారుందని కూడా చూడకుండా పైకే అనేశాను.

"రెండోది యాడుండాది మామా, ఉండింది నువ్వొక్కడివే గదా."